పాత యంత్రము – తగిన తైలము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున ఇంజను ఆయిలును గూర్చిన ప్రసంగమేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. భారత భాగవతములు కొలువున్న చోట నల్లని నూనె ప్రస్తావన యేమని నవ్వుకొనువారును ఉండవచ్చును. ఆ సందేహమునకు సమాధానము ఒక రైతు కథలో కలదు. ఆ కథ పొలముగట్టున మొదలై పుస్తకముతో ముగియును.

కాలువ చివరి భూములలో ఆ రైతు సేద్యము. తండ్రి కాలమున కొన్న ఆయిలింజను గట్టుమీది పాకలో ఉన్నది. ఒకే సిలిండరు, ఇరుప్రక్కల రెండు పెద్ద చక్రములు, 6 గుఱ్ఱముల శక్తి, నిమిషమునకు 650 చుట్లు. ఇంగ్లండులో లిస్టరు కంపెనీవారు 1930 ప్రాంతమున వ్యాప్తికి దెచ్చిన నమూనాను అనుసరించి రాజకోటలో తయారైన యంత్రములలో అదియొకటి. విద్యుత్తు మోటార్లు వచ్చిన పిమ్మట అట్టి ఇంజనులు చాలవరకు మూలబడినవి. అయినను కాలువనీరు చివరి చేలకందక, కరెంటు వేళకు రాక, పైరు వాడు దినములలో వాటికే పని తగులును.

వరి పాలుపోసుకొను సమయము. ఇంకను రెండు తడులు కావలెను. రైతు ఇంజను దుమ్ము దులిపి, ఈ మారు దీనికి మంచి ఆయిలు పోయవలెనని తలచి, పట్టణమునకు పోయి, అన్నింటికంటె క్రొత్తదియు అన్నింటికంటె ఖరీదైనదియు అడిగి తెచ్చెను. తండ్రి నాటినుండి ఆ ఇంజనులో పోయుచున్నది సాదా నూనె. అడుగు తొట్టిలో ఇరువది యేండ్ల మడ్డి పేరుకొని యున్నది. పాతనూనెను తీసివేసి, ఆ మడ్డిమీదనే క్రొత్త తైలమును పోసెను. మొదటినాడు ఇంజను బాగుగనే నడచెను. మూడవనాటి సాయంకాలము శబ్దము మారెను. పిమ్మట చక్రములు రెండును బిగుసుకొని నిలిచిపోయెను.

మెకానిక్కు వచ్చి ప్రక్క తలుపు విప్పిచూడగా సంగతి తెలిసెను. క్రొత్త తైలములో మురికిని కడుగు మందులుండును. అవి ఏండ్లనాటి మడ్డిని పెళ్లలు పెళ్లలుగా ఊడదీసినవి. ఆ ఇంజనులో నూనెను వడగట్టు ఫిల్టరు లేదు. ఊడిన పెళ్లలు కనెక్టింగు రాడ్డు బేరింగుకు నూనె పోవు రంధ్రమును మూసివైచినవి. నూనె అందక బేరింగులోని మెత్తని లోహము కరగి ఇరుసును పట్టుకొన్నది. ఇంజను బాగుపడునప్పటికి తడి అదను దాటిపోయెను. పంటలో సగము తాలు.

ఇందు అంగడివాని మోసము లేదు. తైలము కల్తీది కాదు. రైతు లోభియు కాడు. తన శక్తికి మించియే వెచ్చించినాడు. తప్పు తలంపులో ఉన్నది. “మంచి తైలము” అని యొకటి ప్రత్యేకముగ ఉన్నదని ఆయన తలచెను. ఏ తైలమైనను ఏదో యొక యంత్రమునకు మంచిది, వేఱొక యంత్రమునకు కానిది. ఈ యొక్క మాటను విడమరచి చెప్పుటకే ఈ ప్రసంగము.

సంస్కృతమున స్నేహమనగా నూనెయు, చెలిమియు. ఈ శ్లేష కవులకు ఇష్టమైనది; యంత్రముల విషయమున అది అక్షరాల నిజము. ఇనుము ఇనుముతో ఒరయు చోట నడుమ నిలిచి ఇద్దరిని కాపాడునది నూనె. ఈ విద్య భారతదేశమునకు క్రొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానము ఐదవ అధ్యాయమున అభ్యంగనమును గూర్చి చెప్పుచు, నూనె పెట్టిన ఇరుసు ఎట్లు మన్నునో నూనె పట్టించిన శరీరమును అట్లే మన్నునని పోల్చియున్నారు. ఎద్దులబండి ఇరుసునకు ఆముదములో కాల్చిన గడ్డిమసిని కలిపి కందెన పెట్టుట పెద్దలందరును ఎరుగుదురు. ఆ కందెన బండి ఇరుసునకు చాలును. దానినే కుట్టుమిషనులో పెట్టినచో మిషను కదలదు. కుట్టుమిషను నూనెను ఇరుసునకు పోసినచో పొలిమేర దాటకమునుపే కీచుమనును. ఇంజనుల తైలములలోని భేదము కూడ ఇట్టిదే.

ఇరుసు నూనెపై ఎట్లు నిలుచునో 1883లో ఇంగ్లండున బీచం టవర్ అను ఇంజనీరు చేసిన ప్రయోగములలో బయటపడినది. ఆయన రైలుబండి ఇరుసు బేరింగును పరీక్షించుచు, నూనె పోయుటకు బేరింగు పైభాగమున రంధ్రము చేసెను. ఇరుసు తిరుగుచుండగా నూనె లోనికి పోవుటకు మారుగా ఆ రంధ్రమునుండి పైకుబికినది. బిరడా బిగించినను నెట్టివైచినది. కొయ్యమేకు కొట్టినను అదియు నిలువలేదు. తిరుగు ఇరుసే నూనెను ఇరుకు సందులోనికి ఈడ్చుకొని ఒత్తిడి పుట్టించునని, ఆ ఒత్తిడిమీద ఇరుసు లోహమునకు తాకకయే తేలుచుండునని దీనివలన తేలినది. 1886లో ఆస్బరన్ రెనాల్డ్సు అను శాస్త్రజ్ఞుడు దీనికి గణితమును సమకూర్చెను.

ఆ గణితము కఠినము గాని సారము సులభము. నూనెపొర నిలుచుట మూడింటిపై ఆధారపడును: నూనె చిక్కదనము, ఇరుసు వేగము, దానిపై పడు బరువు. మెల్లగా తిరుగుచు బరువు మోయు యంత్రమునకు చిక్కని నూనె కావలెను. మిక్కిలి వేగముగ, ఇరుకైన సందులలో తిరుగు యంత్రమునకు పలుచని నూనె కావలెను. యంత్రమును చేసినవాడు ఈ మూడింటిని లెక్కవేసియే తైలమును నిర్ణయించును. ఆ నిర్ణయమునే అంకెలలో వ్రాయును.

ఇక ఆ అంకెలు. డబ్బాపై 30 అనియో, 40 అనియో, 15 డబ్ల్యు 40 అనియో ఉండును. ఇవి ధరకును, నాణ్యతకును గుర్తులు కావు. అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘమువారు 1911లో మొదలుపెట్టి కాలానుగుణముగ సవరించుచు వచ్చిన చిక్కదనపు కొలతలు. శాస్త్రమున దీనిని స్నిగ్ధత యందురు. స్నేహమునకును దీనికిని ధాతువొకటే. నీరు మరగు వేడిలో, అనగా 100 డిగ్రీలలో, నూనె ఎంత మెల్లగా జారునో కొలిచి సెంటీస్టోకులలో చెప్పుదురు. 30వ తరగతి 9.3 మొదలు 12.5 వరకు, 40వ తరగతి 12.5 మొదలు 16.3 వరకు, 50వ తరగతి 16.3 మొదలు 21.9 వరకు. అంకె పెరిగినకొలది వేడిలో చిక్కదనము ఎక్కువ. అంతే గాని 50 పెట్టిన నూనె 30 పెట్టినదానికంటె గొప్పది కాదు.

డబ్ల్యు అనునది చలికాలమును తెలుపు ఇంగ్లీషు మాటకు మొదటి అక్షరము. 15 డబ్ల్యు 40 అనగా, చలిలో 15 డబ్ల్యు తరగతి పరీక్షకు నిలిచి, వేడిలో 40వ తరగతి చిక్కదనమును చూపునది. డబ్ల్యు ముందు అంకె తగ్గినకొలది తైలము అధికమైన చలిలోను పారును. 20 డబ్ల్యు తైలము ఇంజనును తిరుగనిచ్చునో లేదో సున్నకు దిగువ 15 డిగ్రీల చలిలో పరీక్షింతురు. అంతటి చలి లంబసింగిలోనైనను రాదు. కావున తెలుగునాట పాత యంత్రమునకు చలికై మిక్కిలి పలుచని తైలమును వెదకికొని ధనము వెచ్చింప నక్కరలేదు. మెల్లగా తిరుగు పంపు ఇంజనులకు 30వ లేక 40వ తరగతి ఏకాంకపు నూనెలనే చేసినవారు నిర్ణయించుట అందువలననే.

అంకెల ప్రక్క అక్షరములుండును. అవి అమెరికా పెట్రోలియము సంస్థ, అనగా ఏ.పి.ఐ. వారి గుర్తులు. ఎస్ తో మొదలగునవి పెట్రోలు ఇంజనులకు, సి తో మొదలగునవి డీజిలు ఇంజనులకు. రెండవ అక్షరము ముందుకు జరిగినకొలది తైలము తరువాతి కాలపు యంత్రములకై చేయబడినది. ఎస్.ఎం. 2004లోను, ఎస్.ఎన్. 2010లోను, ఎస్.పి. 2020లోను వచ్చినవి. డీజిలు తైలములలో సి.ఎఫ్. 4 అనునది 1990లోను, సి.ఐ. 4 అనునది 2002లోను, సి.కె. 4 అనునది 2016లోను వచ్చినవి. వీనిలో క్రొత్తది పాతదానికంటె సాధారణముగ శ్రేష్ఠమే. కాని పాత యంత్రములకు ఒక చిక్కు కలదు.

అంబాసిడరు కారునే తీసికొనుడు. హిందూస్థాన్ మోటార్సువారు ఉత్తరపారాలో 2014 వరకు దానిని తయారుచేసిరి. చాల యేండ్లు దానిలోనున్న ఇంజను బ్రిటిషు నమూనా. దానియందు క్యాముమీద టాపెట్టు చదునైన అడుగుతో ఒరసికొనుచు నడచును; నేటి పెక్కు ఇంజనులలో వలె నడుమ దొర్లు చక్రము లేదు. ఆ ఒరపిడి తీక్ష్ణమైనది. అచ్చట నూనెపొర ఒక్కటియే నిలువజాలదు. కావున 1940 ప్రాంతమునుండి తైలములలో జింకు, భాస్వరము కూడిన మందును కలుపుట ఆరంభమైనది. అది లోహముపై సన్నని పూతయై, తాను అరుగుచు లోహమును కాపాడును.

పిమ్మట వాహనముల పొగను శుద్ధిచేయు కాటలిటిక్ కన్వర్టరులు వచ్చినవి. భారతదేశమున 1995లో నాలుగు మహానగరముల క్రొత్త కార్లతో ఇవి మొదలైనవి. కాలిన తైలములోని భాస్వరము ఆ పరికరమును పాడుచేయును. అందుచే 2004లో వచ్చిన ఎస్.ఎం. తరగతిలో, పలుచని తైలములకు భాస్వరము నూటికి 0.08 పాలు మించరాదని కట్టడి వచ్చినది. ఆ కట్టడి 5 డబ్ల్యు 30, 10 డబ్ల్యు 30 వంటి పలుచని రకములకే గాని, 20 డబ్ల్యు 50 వంటి చిక్కని రకములకు వర్తింపదు. పాత కారునకు “క్రొత్తది, పలుచనిది, పెట్రోలు ఆదాచేయునది” యని అమ్మిన తైలము రెండు విధముల కానిది: సందులకు మించి పలుచన, క్యామునకు చాలని మందు. చేసినవారు చెప్పిన 20 డబ్ల్యు తరగతి చిక్కని తైలమును పోసినచో రెండు చిక్కులును తీరును.

వేగయంత్రముల సంగతి వేఱు. వీని చరిత్రలో ఆముదమునకు పెద్ద పీట కలదు. ఇంగ్లండులో వేక్‌ఫీల్డు కంపెనీవారు 1909లో ఆముదము కలిపిన తైలమునకు కాస్ట్రాల్ అని పేరిడిరి. ఆముదపు ఇంగ్లీషు పేరునుండియే ఆ పేరు పుట్టినది. 1914-18 యుద్ధకాలపు విమానములలో సిలిండర్లే గిరగిర తిరుగు ఇంజనులు కొన్ని ఉండెను. వానిలో పెట్రోలు ఆవిరి క్రాంకు గది గుండా పోవును. భూమినూనెను అది కడిగివేయును. ఆముదము పెట్రోలులో సులభముగ కరగదు. కావున వానికి ఆముదమే పోసిరి. పాలమూరు, నల్లగొండ చేలలో పండు గింజకు అంతటి పని యుండెనని తెలిసికొనుట రైతుకు సంతోషమే. అయినను వేడికి ఆముదము జిగురుగట్టును. నిలువయుంచిన ఇంజనులో భాగములను అంటించును. బండి ఇరుసునకు మేలుచేసినదని పంపు ఇంజనులో ఆముదము కలుపుట తగదు.

నేటి వేగయంత్రములలో గాలిని కూరు టర్బో నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగును. అంతటి వేడికి కాలి మసిగాకుండ నిలుచు సింథటిక్ తైలమునకు అచ్చట నిజమైన పని కలదు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్. 6 నిబంధనల డీజిలు బండ్లలో పొగమసిని పట్టు జల్లెడ ఉండును. బూడిద తక్కువగల తైలము పోయనిచో అది పూడుకొనును. అట్టి బండిలో “మా నాన్నగారి కారుకు ఇదే వాడితిమి” అని 20 డబ్ల్యు 50 పోయుట, ముసలి ఇంజనులో క్రొత్త పలుచని తైలము పోయుటవంటి పొరపాటే.

మోటారు సైకిలు తైలము మరియొక రకము. నేటి పెక్కు మోటారు సైకిళ్లలో ఇంజనునకు, గేర్లకు, క్లచ్చునకు ఒకే తైలము. క్లచ్చు పలకలు ఆ నూనెలోనే మునిగియుండును. కారు తైలములు కొన్నింటిలో జారుదల పెంచు మందులుండును. వానివలన క్లచ్చు జారును, బండి లాగదు. కావున జపాను ప్రమాణము ప్రకారము జాసో ఎం.ఏ. అని డబ్బాపై ఉన్నదానినే కొనవలెను. పాత ఇనుప సిలిండరు బుల్లెట్టులో ఇంజనునకు, గేరుపెట్టెకు, క్లచ్చు గొలుసు గదికి దేనికదియే వేరుగ ఉండును. ఒకదానిలో పోసి మూడును నిండినవనుకొన్నవారు గేరుపెట్టెను పోగొట్టుకొందురు.

ఇక పాత ఇంజను గలవారు తరచుగ చేయు పొరపాట్లు నాలుగు.

మొదటిది, ఇంజను అరిగి నీలిపొగ వచ్చుచుండగా తైలమును చిక్కన చేసికొనుచు పోవుట. నీలిపొగ తైలము కాలుచున్నదనుటకు గుర్తు. ఒక తరగతి పెంచినచో పొగ కొంత తగ్గవచ్చును. అది రోగము కుదురుట కాదు, రోగి మూలుగు ఆగుట. లిస్టరు నమూనా ఇంజనులో కనెక్టింగు రాడ్డు క్రింది తెడ్డు నూనెను ఎగజిమ్మి అన్ని చోట్లకు అందించును. నూనె మితిమీరి చిక్కనైనచో తెల్లవారుజామున స్టార్టు చేసిన తొలి నిమిషములలో అది అందవలసిన చోటికి అందదు. రింగులు మార్చవలసిన ఇంజనునకు రింగులే మార్చవలెను.

రెండవది, నూనెను మార్చక పైపైన పోయుచు పోవుట. నూనె నల్లబడుట దోషము కాదు. మురికిని తనలో పట్టియుంచుచున్నదనుటకు అది గుర్తు. కాని పట్టుటకును ఒక మేర కలదు. మజ్జిగవలె తెల్లబడినచో నీరు చేరినది. అప్పుడు ఇంజను నడుపరాదు.

మూడవది, పీపాలోని విడి నూనెను కొనుట. వాడిన నూనెను వడబోసి, రంగు విరిచి అమ్మునదియు ఆ పీపాలలో ఉండవచ్చును. కంటికి బంగారువలె ఉండును, మందులు చచ్చియుండును. మూత ముద్ర చెడని డబ్బాలో, అంకెలును అక్షరములును చదువ వీలైన తైలమే కొనవలెను. మేలు చేయునని చెప్పి అమ్ము చిన్న సీసాల మందులును అట్లే అక్కరలేనివి. తైలములో మందుల పాళ్లు ముందే తూచి కలుపబడియున్నవి.

నాలుగవది, కథలోని రైతు చేసినది. సాదా నూనెతో చాలకాలము నడచిన ఇంజనునకు మురికి కడుగు తైలము పోయదలచినవారు తొందరపడరాదు. ఇంజను వెచ్చగ ఉన్నప్పుడే పాతనూనె దింపవలెను. ప్రక్క తలుపు విప్పి, అడుగు తొట్టిలోని మడ్డిని గీకి తీసి, డీజిలుతో కడిగి, పోగులూడని గుడ్డతో తుడువవలెను. నూనె రంధ్రములన్నిటిని తీగతో చూడవలెను. పిమ్మట క్రొత్త తైలము పోసి, చెప్పిన గంటలలో సగముకంటె ముందే ఒకమారు మార్చవలెను. ఇది ఒక పూట పని. దానిని తప్పించుకొన్నందులకు సగము పంట వెల.

నూనెకు లెక్క ఉండవలెను. సంసారమునకు జమాఖర్చు వ్రాయు చేతితోనే పంపుపాక తలుపు వెనుక ఇంజను నడచిన గంటలు వ్రాసికొనవచ్చును. ఎన్ని గంటలకు మార్చవలెనో చేసినవారు చెప్పియుందురు. దింపిన నూనెను కాలువలో గాని, చెరువులో గాని, బావి దరిని గాని పారబోయరాదు; అది నీటిని పాడుచేయును, చేతులకు పట్టినచో చర్మమునకు కీడు. డబ్బాలో దాచి, వాడిన నూనెను శుద్ధికై తీసికొను ఆమోదము గలవారికే ఈయవలెను.

కథ ముగింపు మిగిలినది. ఇంజను బాగైన పిమ్మట రైతు అటకమీది పాత దస్తావేజుల కట్టను దింపెను. అందు ఇంజనుతోకూడ వచ్చిన చిన్న పుస్తకము ఉన్నది. చెదలు కొంత తిన్నవి. కాని ఒక పుట మిగిలినది. ఏ తరగతి నూనె పోయవలెను, ఎన్ని గంటలకు మార్చవలెను, తొట్టిని ఎప్పుడు కడుగవలెను అను మూడు సంగతులును ఆ పుటలో ఉన్నవి. అది ఇంగ్లీషులో ఉండుటచే తండ్రి చదువలేదు, కుమారుడు చదువలేదు. కళాశాలలో చదువుకొనుచున్న మనుమరాలు చదివి తెలుగున చెప్పెను. సగము పంట పోవకుండ కాపాడగల పది పంక్తులు ముప్పది యేండ్లుగ ఆ యింటి అటకమీదనే ఉండెను.

ఇట్టి పుస్తకములు ఈ గ్రామమున ఇంకెన్ని యిండ్ల అటకలపై చెదల పాలగుచున్నవో! ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు ఈ పని తగియున్నది. ఇంజను, ట్రాక్టరు, మందు చల్లు యంత్రము, మోటారు సైకిలు, వీనిలో ఏది యున్నవారైనను దాని పుస్తకమును ఒక దినము ఇచ్చటికి తెత్తురుగాక. చదువుకొన్న పిల్లలు తైలమును గూర్చిన పుటను తెలుగున వ్రాసి, ఒక ప్రతి యజమానికిచ్చి, ఒక ప్రతి ఇచ్చటి బీరువాలో ఉంచుదురుగాక. పురాణముల ప్రక్కన ఆ కాగితములు నిలుచుట గ్రంథాలయమునకు చిన్నతనము కాదు. వచ్చు దాళ్వా పైరు పాలుపోసుకొనునప్పటికి అవి అచ్చట ఉన్నచో చాలును.

స్వస్తి.